కావలి దిగని దుప్పి

అనగనగా, ఇప్పపూలు రాలే రోజుల్లో గాలి కూడా తియ్యగా ఉండే ఒక అడవిలో, పొన్న అనే దుప్పి ఉండేది. ఒంటి నిండా తెల్లచుక్కలు, రెండు పొడుగాటి చెవులు. ఆ చెవులే దానికి పెద్ద తంటా తెచ్చిపెట్టాయి. ఆ సంగతే చెబుతాను, దగ్గరికి జరగండి. మధ్యలో ఎవరికైనా నిద్రొస్తే మొహమాటపడకండి. ఈ కథకి నిద్రపోయేవాళ్ళంటే కోపం లేదు.

చిన్నప్పుడు పొన్నంత బాగా నిద్రపోయేవాళ్ళు ఆ మందలోనే లేరు. మీరు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఊగుతారే, అలాగే పొన్న గడ్డిపోచ నోట్లో పెట్టుకుని ఒరిగిపోయేది. ఒకపక్క తల్లి వెచ్చని కడుపు. ఇంకోపక్క చెల్లెలు గురివింద. గురివిందకి అక్క వీపు మీద గడ్డం ఆనిస్తే తప్ప నిద్ర పట్టదు. తల్లి కళ్ళు మూసుకుని నెమరు వేస్తుంటే, ఆ చప్పుడే ఇద్దరికీ జోలపాట. ఉరిమినా లేచేవాళ్ళు కాదు, వాన పడ్డా లేచేవాళ్ళు కాదు.

"వీళ్ళని ఏట్లో పడేసినా తెలియదమ్మా!" అని తల్లి అందరికీ చెప్పుకుని నవ్వేది.

ఎంత మంచి రోజులవి! ఆ రోజుల్లో అవి మంచి రోజులని ఎవరికి తెలుసు? పొన్నకీ తెలియదు.

ఆ మందకి ఒక ఆచారం ఉండేది. రాత్రిని మూడు జాములుగా పంచుకునేవాళ్ళు. ఒక్కో జాముకి ఒక దుప్పి కావలి. మిగతా అందరూ గుండ్రంగా పడుకోవాలి. కావలి దిగే దుప్పి, కావలి ఎక్కే దుప్పి మూతికి మూతి ఆనించి ఇలా అనాలి.

"అడవి నీకు, నిద్ర నాకు."

ఎక్కే దుప్పి బదులు చెప్పాలి.

"పడుకో, నేనున్నాను."

ఈ రెండు మాటలూ అనుకోకుండా కావలి మారడానికి వీల్లేదు. పొన్న తల్లి ఆ మాటని ఎంత తీరుబడిగా అనేదో! అంటూ అంటూనే మోకాళ్ళు మడిచేది. "నేనున్నాను" అనే మాట వినబడేసరికి సగం నిద్రలో ఉండేది. పొన్న పెద్దదై కావలి కాయడం మొదలుపెట్టినప్పుడు, అచ్చం తల్లిలాగే ఆ మాట అనడం నేర్చుకుంది.

కొన్నేళ్ళకి తల్లి ముసలిదై, ఒక చలికాలంలో పోయింది. తల్లికి చెల్లెలైన గంధం పిన్ని మందకి పెద్ద అయింది. అక్కాచెల్లెళ్ళు ఏడ్చారు, తేరుకున్నారు. గురివింద మాత్రం ఎంత పెద్దదైనా అక్క వీపు మీద గడ్డం ఆనించడం మానలేదు.

ఒక రాత్రి రెండో జాము కావలి పొన్నది, మూడో జాము కావలి గంధం పిన్నిది. పొన్న తన జాము కాసి, పిన్నికి అప్పజెప్పి, చెల్లెలి పక్కన హాయిగా పడుకుంది. తెల్లవారబోతుండగా రేచుకుక్కలు వచ్చాయి. గంధం పిన్ని గట్టిగా కూత పెట్టింది. మందంతా లేచి ఏటి అవతలికి పరుగెత్తింది. పొన్న అందరికంటే ఆఖరున లేచి, ఆఖరున ఏరు దాటింది. దాటాక వెనక్కి తిరిగి చూసింది.

అందరూ వచ్చారు. గురివింద రాలేదు.

"నేను నిద్రపోయాను. అందుకే నా చెల్లెలు పోయింది," అనుకుంది పొన్న. ఆ మాట ఎవరూ అనలేదు. ఎవరూ అనని మాటనే పొన్న పగలూ రాత్రీ తనకి తాను చెప్పుకుంది.

ఆ రోజు నుంచి పొన్నకి నిద్ర పట్టడం మానేసింది.

పడుకోగానే చెవులు నిక్కబొడుచుకునేవి. ఆకు రాలితే అడుగు చప్పుడనుకునేది. తొండ పాకితే గుండె దడదడలాడేది. ఒళ్ళు అలసి సొలసి ఉండేది కానీ, లోపల ఎవరో పరుగుకి సిద్ధంగా నిలబడ్డట్టు ఉండేది. కావలి వేరేవాళ్ళదే. వాళ్ళు "నేనున్నాను" అన్నా, పొన్న మనసు మాత్రం కావలి దిగేది కాదు.

"ఇప్పుడైనా నిద్రపోకపోతే రేపు పరుగెత్తలేను. పరుగెత్తలేకపోతే కుక్కలకి దొరుకుతాను," అనుకునేది. అలా అనుకునేకొద్దీ నిద్ర ఇంకా దూరం పోయేది. పోనీ, ముందే పడుకుంటే ఎప్పుడో ఒకప్పుడు రాదా అని, పొద్దు గుంకకముందే గడ్డిలో చేరేది. పగలు కాస్త నీడ దొరికితే కునికేది. రానురాను ఆ పడక గడ్డిని చూస్తేనే గుండె కొట్టుకోవడం మొదలైంది. ఒకప్పుడు తల్లి కడుపులా వెచ్చగా ఉన్న చోటు అది!

ఇలా ఒక వానాకాలం పోయింది, ఒక చలికాలం పోయింది.

చివరికి పొన్న గంధం పిన్ని దగ్గరికి వెళ్ళింది.

"పిన్నీ, నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు," అంది.

పిన్ని తలెత్తకుండా మేస్తూనే అడిగింది. "ఎవరితోనైనా అన్నావా?"

"లేదు పిన్నీ."

"అనకు. నిద్రలేనిదాన్ని కావలికి ఎవరు నమ్ముతారు? నలుగురూ నాలుగు మాటలంటారు. గుట్టుగా ఉండు, అదే సర్దుకుంటుంది."

సర్దుకుంటుందట! పంటినొప్పి సర్దుకుందా ఎక్కడైనా? అయినా పిన్ని పెద్దది కదా, పొన్న నోరు మూసుకుంది. మందలో ఎవరికీ చెప్పలేదు. బయటివాళ్ళని అడిగి చూద్దామనుకుంది.

మొదట ఎలుగుబంటి మామ దగ్గరికి వెళ్ళింది. మామ ఇప్పచెట్టు కింద బోర్లా పడి ఉన్నాడు.

"ఓస్, ఇంతేనా అమ్మాయ్!" అన్నాడు మామ. "పులిసిన ఇప్పపూలు కడుపునిండా తిను. ఇక చూసుకో!"

పొన్న తిన్నది. నరికిన మానులా పడిపోయింది. తెల్లారి లేస్తే తల బద్దలవుతోంది, నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పోతున్నాయి. రెండో రాత్రి ఇంకాసిని పూలు తింటే గానీ పడలేదు. మూడో రాత్రి కడుపునొప్పి వచ్చి, పడను కూడా పడలేదు. ఇది నిద్ర కాదని పొన్నకి అర్థమైంది. మామది మంచి మనసే, పాపం. ఆయన చెప్పిన మందే మంచిది కాదు.

తర్వాత కుందేలు బావ దగ్గరికి వెళ్ళింది.

"ఒళ్ళు అలవక వచ్చిన తిప్పలివి," అన్నాడు బావ. "చీకటి పడేదాకా కొండ చుట్టూ పరుగెత్తు."

పొన్న పరుగెత్తింది. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు. వచ్చి పడుకుంటే నాలుగు కాళ్ళూ నిద్రపోయాయి. రెండు చెవులు మాత్రం మేలుకునే ఉన్నాయి.

అలాంటి ఒక రాత్రి, మూడో జాము కావలి పొన్నకి వచ్చింది. మందంతా పడుకుంది. పొన్న తునికిచెట్టు కింద నిలబడింది. కాసేపు ఏటివైపు చూసింది. కాసేపు పొదలవైపు చూసింది. ఆ తర్వాత ఏం చూసిందో దానికే గుర్తులేదు.

టప్పుమని ముక్కు మీద ఒక పచ్చి తునికికాయ పడింది. పొన్న ఉలిక్కిపడి తలెత్తింది. పైన కొమ్మల్లో రెండు గుండ్రటి కళ్ళు, సన్నటి చేతులు, గుప్పెడంత ఒళ్ళు. అది ఒక ముసలి దేవాంగపిల్లి. రాత్రంతా మెల్లగా కొమ్మలు పట్టుకు తిరిగి, పగలు ముడుచుకు పడుకునే జీవి. అడవిలో అందరూ దాన్ని కళ్ళవ్వ అంటారు.

"లే తల్లీ," అంది కళ్ళవ్వ. "నిలబడే నిద్రపోయావు."

పొన్న కంగారుగా అడిగింది. "ఎంతసేపు పోయానవ్వా?"

"చిరుతపులి అవతలి గట్టున నీళ్ళు తాగి వెళ్ళిపోయేంతసేపు."

పొన్న గుండ్రంగా పడుకున్న మందవైపు చూసింది. అందులో పసిపిల్లలు ఉన్నారు, నిండు చూలాళ్ళు ఉన్నారు. అందరూ తనని నమ్మి పడుకున్నారు.

"అవ్వా, ఎవరికీ చెప్పకు, నీకు పుణ్యముంటుంది," అంది పొన్న గబుక్కున.

"నేను చెప్పనులే," అంది కళ్ళవ్వ. "కానీ అమ్మడూ, రాత్రంతా మేలుకుని తిరిగేదాన్ని కదా, ఎవరు ఎప్పుడు పడుకుంటారో నాకు తెలుసు. నీది కాని జాములో నువ్వు మేలుకుంటున్నావు. నీ జాములో నిద్రపోతున్నావు. రేపు కూడా అంతే జరుగుతుంది."

పొన్నకి రెండు భయాలు. చెబితే నవ్వుతారని భయం. చెప్పకపోతే ఇంకో గురివింద పోతుందని భయం. రెండో భయం పెద్దదైంది.

"నా వల్ల కావడం లేదవ్వా," అంది చివరికి. "నాకు సాయం చెయ్యి."

అంతే పిల్లలూ, ఆ అడవిలో పొన్న చేసిన అన్ని పరుగుల కంటే కష్టమైన పని ఆ ఒక్క మాట అనడం.

మర్నాడు పొద్దు గుంకే వేళ పొన్న తునికిచెట్టు కిందికి వెళ్ళింది. కళ్ళవ్వ అప్పుడే లేచి ఒళ్ళు విరుచుకుంటోంది. పొన్న అంతా చెప్పింది. తల్లి నెమరు, చెల్లెలి గడ్డం, రేచుకుక్కలు, ఆకుల చప్పుడు, అన్నీ. అవ్వ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా అయ్యాక అడిగింది.

"ఆ తెల్లవారుజామున కావలి ఎవరిది?"

"గంధం పిన్నిది."

"మరి మీ పిన్ని తప్పా?"

"కాదవ్వా! ఆ రోజు గాలి మా మీంచి వాటివైపు వీచింది. వాసన ఎవరికీ అందలేదు. పిన్ని చూడగానే కూత పెట్టింది."

"కావలి కాసినదాని తప్పు కానప్పుడు, పడుకున్నదాని తప్పెలా అవుతుంది తల్లీ? ఆ వేళ నిద్రపోవడమే నీ వంతు. నీ వంతు నువ్వు చేశావు."

పొన్నకి ఏడుపొచ్చింది. చెల్లెలు పోయిన రోజు కూడా అంతగా ఏడవలేదు. అవ్వ ఏడవనిచ్చింది.

"నా దగ్గర ఆకూ లేదు, వేరూ లేదు," అంది తర్వాత కళ్ళవ్వ. "కొన్ని పద్ధతులున్నాయి. మొదట్లో చాలా కష్టంగా ఉంటాయి. చేస్తావా?"

"చేస్తాను."

"ముందుగా నెల్లాళ్ళపాటు నీకు కావలి వద్దని మందకి చెప్పు. దాచకు. రెండోది, కళ్ళు మూతలు పడేదాకా పడక మొహం చూడకు. పడుకున్నాక నిద్ర రాకపోతే అక్కడ దొర్లకు. లేచి నిలబడు, నెమరు వేసుకో, కళ్ళు బరువెక్కాక మళ్ళీ వెళ్ళు. రాత్రి ఎలా గడిచినా సరే, అడవికోడి కూయగానే లేవాలి. పగటి కునుకులు బంద్."

"మరి భయాలొస్తేనవ్వా?"

"వస్తాయి. వాటికీ ఒక వేళ పెట్టు. రోజూ ఇదే వేళకి వచ్చి ఉన్న భయాలన్నీ నాకు చెప్పు. రాత్రిపూట వచ్చే వాటితో 'రేపు సాయంత్రం రండి' అను."

పొన్నకి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

"ఇంకొక్కటి," అంది అవ్వ. "కావలి కాయకపోయినా సరే, పడుకునే ముందు కావలివాళ్ళ దగ్గరికి వెళ్ళి మీ ఆచారం మాట అను. ఊపిరి నెమ్మదిగా వదులుతూ అను. వాళ్ళ ముఖంలోకి చూసి అను. ఎవరికి అప్పజెప్తున్నావో చూడకుండా అప్పజెబితే, అది అప్పజెప్పడం ఎలా అవుతుంది?"

మర్నాడు పొన్న మంద మధ్యలో నిలబడింది. అందరికీ వినబడేలా చెప్పింది. "నాకు ఏడాది నుంచి నిద్ర లేదు. మొన్న రాత్రి కావలిలో కునికాను. నెల్లాళ్ళు నన్ను కావలికి పెట్టకండి."

అందరూ నవ్వుతారనుకుంది. ఎవరూ నవ్వలేదు. కొమ్ము విరిగిన ముసలి మగదుప్పి ఒకటి ముందుకొచ్చింది. "ముందే చెప్పొచ్చుగా తల్లీ. నీ జాము నేను కాస్తాను," అంది. గంధం పిన్ని మాత్రం మేత మేస్తున్నట్టు తల దించుకుంది. ఆ చోట గడ్డే లేదు.

ఆ రాత్రి కావలి పిన్నిదే. పొన్న వెళ్ళి నిలబడింది. ఆ తెల్లవారుజాము తర్వాత పొన్న ఎప్పుడూ పిన్ని ముఖంలోకి చూడలేదు. ఆ రాత్రి చూసింది. పిన్ని కళ్ళు గుంటలు పడి, ఎర్రగా ఉన్నాయి. వయసు మీద పడింది కాబోలు అనుకుంది పొన్న.

"అడవి నీకు, నిద్ర నాకు," అంది నెమ్మదిగా.

"పడుకో, నేనున్నాను," అంది పిన్ని.

మొదటి వారం నరకమే. పొన్న ఒక రాత్రిలో నాలుగుసార్లు లేచింది, నాలుగుసార్లు నిలబడింది. కోడి కూసేసరికి తూలుతూ మేతకి వెళ్ళింది. పగలు కునకడానికి లేదు. మూడో సాయంత్రం అవ్వ మీద విరుచుకుపడింది.

"నీ మాట విన్నాక ఉన్న కునుకు కూడా పోయింది!"

"పోనీ," అంది కళ్ళవ్వ, ఏమాత్రం నొచ్చుకోకుండా. "ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని ఊరికే అన్నారా? ఆకలి పెరగనీ. నిద్ర ఆకలి బాగా పెరిగితే, ఆ గడ్డి మీదే నీకు మళ్ళీ రుచి పుడుతుంది. సరే, ఇవాళ్టి భయాలేంటో చెప్పు."

పొన్న అలిగింది కానీ మానలేదు. రెండో వారంలో నాలుగుసార్లు రెండుసార్లయింది. ఒక వానరాత్రి మళ్ళీ మొదటికొచ్చింది. అవ్వ "అలాగే ఉంటుంది, కానివ్వు" అంది. పొన్న కానిచ్చింది.

ఇరవయ్యో రోజో, ఇరవై ఒకటో రోజో, పొన్న తునికిచెట్టు కింద నిలబడి నెమరు వేస్తోంది. తడిసిన గడ్డి వాసన వస్తోంది. తన నెమరు చప్పుడు తనకే వినబడింది. అది అచ్చం అమ్మ నెమరు చప్పుడులా ఉంది. పొన్న కాసేపు దాన్నే వింది. కళ్ళు మూతలు పడ్డాయి. వెళ్ళి పడుకుంది. వెంటనే అడవికోడి కూసింది.

"ఇదేంటి, కోడి ఇంత తొందరగా కూసింది? దీనికి మతి పోయిందా?" అనుకుంటూ కళ్ళు తెరిచింది పొన్న.

చెట్ల మధ్య ఎర్రగా పొద్దు పొడుస్తోంది. మంద లేస్తోంది. పొన్నకి కాసేపు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కదలకుండా అలాగే ఉండిపోయింది. ఎందుకంటే కలొచ్చింది. కలలో గురివింద ఏట్లో నీళ్ళు తాగింది, తలెత్తి ముక్కు విదిలించింది, నీళ్ళన్నీ అక్క మీద చిలకరించింది. అంతే కల. చెల్లెలి కోసం మేలుకున్న ఆ ఏడాదంతా, చెల్లెలు ఒక్కసారి కూడా కనబడలేదు. నిద్ర ఉంటే కదా కల! పొన్న సంతోషంతో ఏడ్చింది, దుఃఖంతో కూడా ఏడ్చింది. అవి రెండూ కలిసి వస్తాయని పెద్దయ్యాక మీకూ తెలుస్తుంది.

నెల తిరిగింది. పొన్న మళ్ళీ కావలికి వచ్చింది. కళ్ళవ్వకి ఆ మాట చెబుదామని పొద్దు గుంకే వేళ తునికిచెట్టు వైపు నడుస్తోంది. వెనక అడుగుల చప్పుడైంది. ఆగి చూస్తే గంధం పిన్ని.

"ఎక్కడికే?" అంది పిన్ని.

"అవ్వ దగ్గరికి పిన్నీ. నీకేమైనా పనా?"

పిన్ని అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించింది.

"ఆ రోజు నుంచి నాక్కూడా లేదే," అంది.

"ఏది పిన్నీ?"

"నిద్ర. కావలి నాది కదా. ఇంకొక్క క్షణం ముందు చూసుంటే పిల్ల దక్కేది. పడుకుంటే అదే కనబడుతుంది. నీ ముఖం చూడలేక నేల చూసేదాన్ని."

ఏడాదిపాటు ఒకే గుండ్రంలో, నాలుగు బారల దూరంలో, ఇద్దరూ మేలుకునే పడుకున్నారు! ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

"మరి నన్ను ఎవరికీ చెప్పొద్దన్నావు కదా పిన్నీ?"

"నేను ఎవరికీ చెప్పలేదు కదే. నాకు తెలిసిన మందు అదొక్కటే."

పొన్నకి కోపం రాలేదు. జాలేసింది. "నీ తప్పు కాదు పిన్నీ. నేనెప్పుడూ అలా అనుకోలేదు," అంది. ఆ మాట ఏడాది కిందటే చెప్పి ఉండాల్సిందని దానికి బాధ కలిగింది.

ఇద్దరూ కలిసి చెట్టు కిందికి వెళ్ళారు. కళ్ళవ్వ కొమ్మ మీద నుంచి కిందికి చూసింది. మందనంతా ఒక్క కూతతో నడిపించే గంధం పిన్నికి నోట మాట రాలేదు. పొన్న తన డొక్కని పిన్ని డొక్కకి ఆనించి నిలబడింది.

"చెప్పు పిన్నీ," అంది. "ఇక్కడ ఎవరూ నవ్వరు."

పిన్ని నోరు తెరిచింది, మూసుకుంది, మళ్ళీ తెరిచింది. మాట రావడానికి చాలాసేపు పట్టింది. అవ్వకేం తొందర? తోక లేని ఆ ముసలి దేవాంగపిల్లి కొమ్మని రెండు చేతులా పట్టుకుని, ఎంతసేపైనా వినడానికి కూర్చుంది.

నీతి: నిద్ర పట్టని బాధని గుట్టుగా దాచుకుంటే ముదురుతుంది, తెలిసినవాళ్ళకి చెప్పుకుని సాయం అడిగితే తగ్గే దారి దొరుకుతుంది. అలా అడిగినవాళ్ళని చూసి, పక్కనే మౌనంగా బాధపడేవాళ్ళకి కూడా నోరొస్తుంది.